1974 బుల్లెట్‌ను కెఫే రేసర్ చేయించాలనుంది, వెనక ఛాసీ కోయాలంటున్నారు. కోయించనా?

నైట్‌డ్యూటీ:

అందరికీ నమస్కారం. మా మేనమామగారి బుల్లెట్ 350 నా చేతికొచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ 1974లో. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆయన కిక్కు కొట్టలేకపోతున్నారు. "షెడ్డులో ఎలుకలకు వదిలేయడం ఎందుకు, నువ్వు నడుపు" అని ఇచ్చేశారు. బండి నా పేరు మీదకి మారింది, ఆర్సీ రెన్యువల్ కూడా ఉంది. ఇంజను నంబరు, ఛాసీ నంబరు రెండూ కాగితాలతో సరిపోయాయి.

ఇంజను బాగానే ఉంది, చల్లగా ఉన్నప్పుడు కూడా రెండు మూడు కిక్కులకే అందుకుంటుంది. ట్యాంకు పెయింటు కంపెనీదే. చేత్తో గీసిన బంగారు గీతలు అక్కడక్కడ చెరిగాయి గానీ ఇంకా కనిపిస్తున్నాయి. కరెంటు మాత్రం 6 వోల్టుల పాతది. హారన్ కొడితే హెడ్‌లైటు మసకబారుతుంది. ముందు బ్రేకు గురించి చెప్పకపోవడమే మంచిది.

నాకు కెఫే రేసర్ లుక్, అంటే పాత రేసు బండిలా ముందుకి వంగి నడిపే సన్నటి రూపం, ఇష్టం. నా జాబితా ఇదీ: వెనక మడ్‌గార్డ్ తీసేసి లూప్ (సీటు కింద ఛాసీ వెనక చివర ఉండే వంపు గొట్టం) కోసి పొట్టి సీటు, కింద ఫోర్కు గొట్టాలకే బిగించే క్లిప్-ఆన్ హ్యాండిల్స్, వెనక్కి జరిపిన ఫుట్‌రెస్టులు, హెడ్‌లైట్ డూమ్ బదులు చిన్న గుండ్రటి లైటు, ఫైబర్ ట్యాంకు, ఓపెన్ సైలెన్సర్. పని చేసే అతను "గ్రైండర్ పెడితే గంట పని మేడమ్" అంటున్నాడు. ఆ గంట గురించే నాకు టెన్షన్. షోలకి తీసుకెళ్లే బండి కాదు, వారంలో రెండు మూడు రోజులు డ్యూటీకి వేసుకెళ్తాను. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.


పదకొండో నంబరు పానా:

అమ్మా, ముందు ఆ గ్రైండర్ ప్లగ్గు గోడలోంచి పీకించు. తర్వాత మాట్లాడుకుందాం.

నేను లేత్ మీద బతికినవాణ్ణి. బుల్లెట్లకి బుష్‌లు తిప్పడం, బోర్లు కోయడం, ఎవరో కోసి పారేసిన ఛాసీలను మళ్లీ అతికించడం నా పని. ఈమధ్య ఈ చివరిదే ఎక్కువైంది. కాబట్టి నా మాటలో కాస్త విసుగు వినిపిస్తే ఏమీ అనుకోకు, అది నీ మీద కాదు.

నీ జాబితాలో అందరూ తేలిగ్గా తీసుకునేది హెడ్‌లైట్ డూమ్. అక్కడి నుంచే మొదలుపెడతాను. మిగతా బండ్లకి ఆ డూమ్ రేకు తొడుగు, నాలుగు స్క్రూలు విప్పితే ఊడి వస్తుంది. నీ బండికి అలా కాదు. దాన్ని కాస్కెట్ అంటారు. అటూ ఇటూ చిన్న టైగర్ ల్యాంపులు, మధ్యలో స్పీడోమీటరు, అమ్మీటరు ఉంటాయి చూడు, ఆ పోత మొత్తం కలిపి ముందు ఫోర్కుకి పై బిగింపు. రెండు ఫోర్కు గొట్టాల పై చివరలూ దానికే బిగుస్తాయి. అది తీస్తే లైటు ఒక్కటే పోదు, ముందు చక్రానికి పై ఆధారం పోతుంది. దాని బదులు సరైన కొలతలతో పై యోక్ (రెండు గొట్టాలనూ కలిపి పట్టే ముక్క) చేయించాలి, గొట్టాల మధ్య దూరం కింది యోక్‌తో వెంట్రుకవాసి తేడా లేకుండా రావాలి. "వెల్డు చేసి ఒక పట్టీ పెడతాను" అనేవాడు దొరికితే దణ్ణం పెట్టి బయటికి వచ్చేయ్. నా మటుకు నేనైతే కాస్కెట్ ఉంచేస్తాను. బుల్లెట్ ముఖమే అది, అది తీశాక బండి ఏ కంపెనీదో కూడా పోల్చుకోలేం.

ఫుట్‌రెస్టుల సంగతి. నీ బండికి గేరు కుడివైపు, బ్రేకు ఎడమవైపు, కిక్కు కూడా కుడివైపే. ఫుట్‌రెస్టు వెనక్కి జరిపితే కిక్ రాడ్ కిందికి తిరిగే దారిలో సరిగ్గా అదే అడ్డమొస్తుంది. మడత పడే ఫుట్‌రెస్టు పెట్టుకుంటే కొంత నయం, కానీ ప్రతి ట్రాఫిక్ సిగ్నల్ దగ్గరా బండి ఆగిపోయినప్పుడు మడవాలి, కొట్టాలి, మళ్లీ విప్పాలి. గేరు లివర్‌కి లింకు రాడ్ వేయాలి. ఆ లింకు తిరగేసి పెట్టారా, గేర్లు తలకిందులవుతాయి. ఇప్పుడు నీకు ఒకటో గేరు పైకి, మిగతా మూడూ కిందికి. అలవాటైన కాలు ఎదురుగా బస్సు వచ్చినప్పుడు పాత లెక్కే వేస్తుంది. ఎడమవైపు బ్రేకు పెడల్ పొడవు మారితే పట్టు కూడా మారుతుంది, దాన్ని కొలిచి చేసేవాళ్లు తక్కువ.

అయినా ఆ వంగి కూర్చోవడం ఎందుకో ఒకసారి ఆలోచించు. 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, 346 సీసీ, మొత్తం 18 గుర్రాలు. పొడుగు స్ట్రోకు ఇంజను కింద నుంచి నెమ్మదిగా లాగడానికి పుట్టింది. పైగా ఆ కాలపు ఇంజన్లలో కనెక్టింగ్ రాడ్ పెద్ద కన్నులో రోలర్ బేరింగు ఉండదు, తేలే బుష్ (వదులుగా తిరిగే లోహపు గొట్టం) ఉంటుంది. ఆయిలు మారుస్తూ 70, 75 మీద పోనిస్తే ఏళ్లకేళ్లు మోస్తుంది. రేసర్‌లా ఉంది కదా అని గంటల తరబడి పిండితే ముందు పోయేది అదే. దానికి క్రాంకు విప్పాలి. ఆ పని నాకు గిట్టుబాటే అనుకో.

ఫైబర్ ట్యాంకు వద్దే వద్దు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. మామూలు రెజిన్‌తో పోసిన ఫైబర్‌ను ఇథనాల్ మెత్తబరుస్తుంది, ఆ జిగురు కరిగి కార్బురేటర్ జెట్లలో (పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రాల్లో) చేరుతుంది. పాత పెట్రోలు పైపులు, కాక్ వాషర్లు కూడా ఇథనాల్ తట్టుకునేవి వేయించుకో. నీ రేకు ట్యాంకు లోపల తుప్పు ఉంటే శుభ్రం చేయించు. పైన మాత్రం చెయ్యి పెట్టకు. ఫ్యాక్టరీలో కుంచె పట్టుకుని చేత్తో లాగిన గీత అది. చెరిగినా సరే, స్టిక్కరు వేసిన కొత్త ట్యాంకుల పక్కన పెడితే తేడా నీకే కనపడుతుంది. మెత్తటి పాలిష్, మైనం, అంతే.

సైలెన్సర్ లోపలి గొట్టం పీకేస్తే చప్పుడు వస్తుంది, బలం రాదు. పొగ సులువుగా పోతుంది, గాలి ఎక్కువ లోపలికి వస్తుంది, పెట్రోలు మాత్రం పాత జెట్ ఇచ్చినంతే. మిశ్రమం పలచబడి ఇంజను వేడెక్కుతుంది. పోత ఇనుము బోరు అల్యూమినియంలా గబగబా వేడి వదలదు. పొట్టి సైలెన్సర్ పెట్టుకోవాలని మరీ ఉంటే లోపల బ్యాఫిల్ (చప్పుడు తగ్గించే లోపలి గొట్టం) ఉన్నదే కొను. ప్లగ్గు విప్పి చూస్తూ మెయిన్ జెట్ పెంచుకుంటూ రా. పింగాణీ లేత గోధుమ రంగుకి వచ్చేదాకా. తెల్లగా సున్నం కొట్టినట్టు ఉంటే ఆ బండి నడపకు.

ఇక అసలు డబ్బు పెట్టాల్సిన చోటు. బ్రేకు, కరెంటు. లుక్ తర్వాత.

ముందు బ్రేకు ఆరంగుళాల డ్రమ్ము, సింగిల్ లీడింగ్ షూ (రెండు షూల్లో ఒకటే గట్టిగా పట్టే రకం) అయ్యుంటుంది. చక్రం విప్పి డ్రమ్ము గుండ్రంగా ఉందో లేదో లేత్ మీద చూపించు. అండాకారం అయితే ఒకసారి కోయించి, ఆ కొలతకి సరిపడేలా షూలు రుద్దించు. కొత్త షూ డ్రమ్ముకి నిండుగా తగలకుండా మధ్యలో మాత్రమే తగులుతుంటే ఎంత ఖరీదైనది వేసినా పట్టదు. తర్వాత కేబులు. బ్రేకు పట్టుకునే క్షణంలో కేబులుకి, డ్రమ్ము మీది లివరుకి మధ్య 90 డిగ్రీలు ఉండాలి. చాలా బండ్లలో ఆ లివరు వాలిపోయి ఉంటుంది, లాగిన బలంలో కొంత వృథా. దాన్ని ఒక పన్ను తిప్పి పెడితే బండి మారినట్టు ఉంటుంది. ఇంత చేసినా చాలకపోతే తర్వాతి మోడళ్లలో వచ్చిన ఏడంగుళాల ట్విన్ లీడింగ్ షూ (రెండు షూలూ గట్టిగా పట్టే) హబ్ వేయొచ్చు, బ్రేకు ప్లేటు యాంకరు నీ ఫోర్కుకి కుదురుతుందో లేదో ముందే చూసుకుని. ఇదంతా బోల్టులతో అయ్యే పని.

నా లెక్క ఒకటే. నువ్వు చేయించేది ఏదైనా మళ్లీ పానాతో విప్పి పాత రూపానికి తేగలిగేలా ఉండాలి. విప్పిన ప్రతి సామానూ గుడ్డలో చుట్టి, చీటీ కట్టి దాచు. కొద్దిగా కిందికి ఉండే నిటారు హ్యాండిల్, ఒంటి సీటు, వెనక పొట్టి మడ్‌గార్డ్ (నీది కోయకుండా వేరేది కొని కోయించు), ఇంతతోనే బండి ఒళ్లు సన్నబడుతుంది. హ్యాండిల్ కిందికి వస్తే యాక్సిలేటరు, క్లచ్, డీకంప్రెషన్ (కిక్కు తేలికయ్యేలా ఇంజను ఒత్తిడి వదిలే) కేబుళ్లు పొడవెక్కువై వేలాడతాయి. పొట్టివి చేయించి, ఇంజను నడుస్తుండగా హ్యాండిల్ రెండువైపులా పూర్తిగా తిప్పి చూడు. తిప్పినప్పుడు రేజ్ పెరిగితే కేబులు లాగుతోందని అర్థం. మలుపులో ప్రాణం తీస్తుంది అది.


కట్టర్ కింగ్:

పానా గారు మాకు గురువే, కానీ ఈ ఛాసీ భక్తి నాకు ఎక్కదు. కెఫే రేసర్ అంటేనే కోయడం. 1950లు, 60లలో లండన్ ఏస్ కెఫే చుట్టూ తిరిగిన కుర్రాళ్లు నార్టన్ ఛాసీలో ట్రయంఫ్ ఇంజను పెట్టి ట్రైటన్ అని పేరు పెట్టుకున్నారు. "అసలు సామాను దాచుకో" అని వాళ్లకెవరూ చెప్పలేదు. 1964లో రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీయే ఆ కుర్రాళ్ల మోజు చూసి 250 సీసీ కాంటినెంటల్ జీటీ దించింది. బుల్లెట్ అరుదైన బండి కూడా కాదు, మద్రాసులో 1955 నుంచి అదే ఛాసీ లెక్కలేనన్ని తయారయ్యాయి.

నేను నాలుగైదు బుల్లెట్లు కోశాను, అన్నీ రోడ్డు మీద ఉన్నాయి. జిగ్ (ఛాసీ కదలకుండా పట్టే చట్రం) మీద బిగించి, వెనక షాక్ అబ్జార్బర్ మౌంటు దాటాక మాత్రమే కోసి, లోపల స్లగ్ (గొట్టంలో దూరే గట్టి ముక్క) పెట్టి కొత్త లూప్ వెల్డు చేస్తే ఏ ఇబ్బందీ లేదు. జిగ్ లేకుండా నేల మీద పెట్టి వెల్డు చేస్తే మాత్రం వేడికి గొట్టం లాగేసి, వెనక చక్రం ముందు చక్రం వరసలో ఉండదు. మేడమ్, ఆ గంట పని అన్న అతన్ని "జిగ్ ఉందా?" అని ఒక్క మాట అడగండి. జవాబు అక్కడే తెలిసిపోతుంది.

కాస్కెట్ విషయంలో మాత్రం గురువుగారి మాటే. నా మొదటి బండికి యోక్ చేయించడానికి పట్టిన సమయంలో రెండో బండి పూర్తి చేశాను.

ఇంకోటి: ఛాసీకి పౌడర్ కోటింగ్ ఇస్తే స్టీరింగ్ దగ్గరి నంబరు మీద టేపు వేయించండి. ఇసుకతో కొట్టినప్పుడు అంకెలు అరిగి, పైన మందంగా పూత పడితే, తర్వాత ఇన్‌స్పెక్టరు ముందు గోటితో గీకుతూ నిలబడాలి.


ఫైలు కాగితం:

ఇద్దరూ ఇంజను చూశారు, ఆర్సీ ఎవరూ చూడలేదు. బండ్ల కాగితాల పని చేస్తాను కాబట్టి ఆ ముక్క నేను చెబుతాను.

మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52. కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చి చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణలో సెక్షన్ 182ఎ వచ్చింది. అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. కింగ్ గారి బండ్లు రోడ్డు మీద ఉన్నాయంటే అవి చట్టంలో ఉన్నాయని కాదు. రంగు మార్చుకోవడం లాంటివి ఆర్టీవో దగ్గర దరఖాస్తు పెట్టి ఆర్సీలో రాయించుకోవచ్చు. ఛాసీ కోయడం ఆ కోవలోకి రాదు.

పానా గారూ, మీ ఒంటి సీటు సలహాలో కూడా ఒక చిక్కుంది. ఆర్సీలో సీటింగ్ కెపాసిటీ 2 అని రాసి ఉంటుంది. రెన్యువల్ తనిఖీకి ఒంటి సీటుతో వెళ్తే అడుగుతారు.

మేడమ్ బండికి ఇంకో సంగతి ఉంది. 2021 జులైలో కేంద్రం వింటేజ్ బండ్లకి వేరే రిజిస్ట్రేషన్ పెట్టింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండికి నంబరులో వీఏ అక్షరాలతో ప్లేటు ఇస్తారు. ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత పొడిగింపుకి 5,000. 1974 బండి కాబట్టి వయసు సరిపోయింది. కానీ షరతు ఏమిటంటే, ఛాసీ, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పులేవీ జరగకుండా అసలు రూపంలో ఉండాలి. లూప్ కోసిన రోజే ఆ దారి మూసుకుపోతుంది.

అలాగని ఇప్పుడే వీఏకి పరిగెత్తకండి. ఆ ప్లేటుతో రోజువారీ తిరగడానికి వీల్లేదు. ప్రదర్శన, ర్యాలీ, పెట్రోలు కొట్టించడం, రిపేరు, ఇలాంటి పనులకే. డ్యూటీకి వెళ్లాలంటే మీ మామూలు ఆర్సీయే కావాలి, ఐదేళ్లకోసారి రెన్యువల్. బండిని కోయకుండా ఉంచితే, ఎప్పుడో నడపడం తగ్గించినప్పుడు వీఏ తీసుకోవచ్చు.


నైట్‌డ్యూటీ:

అందరికీ చాలా థాంక్స్. జిగ్ ఉందా అని ఫోన్ చేసి అడిగాను. "జిగ్ అంటే ఏంటి మేడమ్, కంటితో చూస్తే తెలిసిపోతుంది" అన్నాడు. అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు, బతికిపోయాను.

కాబట్టి కోయడం లేదు. కాస్కెట్, ట్యాంకు, ఫుట్‌రెస్టులు ఉన్నవి ఉన్నట్టే. కిందికి ఉండే హ్యాండిల్, కేబుళ్లు, ముందు బ్రేకు పని చేయిస్తాను. ఒంటి సీటు బదులు ఇద్దరి సీటే, అదే బోల్టుల మీద కూర్చునేలా వేరే పళ్లెం చేయించి, పలచటి ఫోమ్‌తో చదునుగా కుట్టిస్తాను. పాత సీటు దాస్తాను. సైలెన్సర్ జోలికి పోను, రాత్రి రెండింటికి ఆసుపత్రి గేటులోకి వెళ్లే మనిషిని, చప్పుడు నాకే మంచిది కాదు.

పానా గారూ, కరెంటు గురించి చెబుతానని ఆపేశారు. 12 వోల్టులకి మార్చేస్తే ఒరిజినల్ చెడినట్టా? ఎల్ఈడీ బల్బు ఒక్కటి పెడితే సరిపోదా?


పదకొండో నంబరు పానా:

కాగితం బాబు చెప్పిన సీటు మాట ఒప్పుకుంటున్నాను. నీ చదును సీటే బాగుంటుంది, లూప్ మీద గీత గీసినట్టు కూర్చుంటుంది.

కరెంటు. 36 వాట్ల బల్బు 12 వోల్టుల మీద 3 ఆంపియర్లు లాగితే, 6 వోల్టుల మీద 6 లాగుతుంది. తుప్పు పట్టిన ఒక్కో జాయింటు దగ్గర పోయే వోల్టులు రెట్టింపు, అదీ సగం వోల్టేజీలోంచి. నీ హారన్ కొడితే లైటు మసకబారడం అక్కడిదే. కాబట్టి సామాను కొనే ముందు బాడీ ఎర్త్ పాయింట్లన్నీ విప్పి, ఎమరీ కాగితంతో మెరిసేలా రుద్ది, గ్రీజు పూసి బిగించు. కాస్కెట్‌కి, ఇంజనుకి, బ్యాటరీకి మధ్య కొత్త ఎర్త్ వైరు ఒకటి వేయించు. సగం బండ్లు ఇక్కడే బాగుపడతాయి. నీకు అదే చాలనిపిస్తే 6 వోల్టులతోనే ఉండు.

రాత్రుళ్లు తిరుగుతావు కాబట్టి 12కి మార్చమనే నా సలహా. చూసేవాడికి తెలియదు, పాత సామాను దాచుకుంటే మళ్లీ వెనక్కి మార్చుకోవచ్చు. ఆల్టర్నేటర్ స్టేటరు (కరెంటు పుట్టించే తీగచుట్ట), రెగ్యులేటర్-రెక్టిఫయర్ (దాన్ని బ్యాటరీకి సరిపడేలా మార్చేది), ఇగ్నిషన్ కాయిల్, బ్యాటరీ, బల్బులు, హారన్, అన్నీ ఒకేసారి మారాలి. సగం 6, సగం 12 పెట్టుకుని "తర్వాత చూద్దాం" అనుకుంటే ఏదో ఒకటి కాలుతుంది. ఇగ్నిషన్ పాయింట్లు (ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించే స్విచ్చు) అలాగే ఉండనీ. గ్యాపు చూసుకుంటే చాలు, రోడ్డు పక్కన అయినా బాగుచేసుకోవచ్చు.

ఎల్ఈడీ పెట్టేముందు బ్యాటరీ దగ్గర ఏ తీగ బాడీకి వెళ్తోందో చూడు. పాత బ్రిటిష్ తరహా వైరింగులో పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్ తీగ బాడీకి వెళ్లడం) మామూలే. అది చూడకుండా ఇప్పటి రెగ్యులేటరు, ఎల్ఈడీ తగిలిస్తే మొదటి నిమిషంలోనే పొగ. నెగటివ్ ఎర్త్‌కి మారిస్తే కాయిల్ మీది రెండు చిన్న వైర్లు అటూ ఇటూ మార్చాలి. అమ్మీటరు వెనక వైర్లు కూడా. లేకపోతే చార్జింగ్ అవుతున్నప్పుడు ముల్లు డిశ్చార్జి వైపు పోతుంది, నువ్వు కంగారుపడి మంచి బ్యాటరీ మార్చేస్తావు.